ఎఫ్ఎంసీలో ఒకటి, చార్ట్‌లో ఇంకొకటి: టేకాఫ్ దారిలో దేన్ని నమ్మాలి?

నిద్రలేని సిమ్మర్ (బుధవారం, రాత్రి 11:52)

అందరికీ నమస్కారం. ముందే చెప్తున్నా, నేను అసలు పైలట్‌ని కాదు. ఇంట్లో సిమ్యులేటర్ మీద 737 నడుపుతాను. ఉండేది కూకట్‌పల్లిలో, ఎగిరేది మాత్రం ప్రపంచమంతా.

శంషాబాద్ నుంచి ఎగిరినన్నాళ్ళూ ఏ గొడవా లేదు. ఈమధ్య సియాటిల్, హీత్రూ మొదలుపెట్టాక బుర్ర వేడెక్కిపోతోంది. కొత్తవాళ్ళకి చెప్తున్నా: సిడ్ అంటే టేకాఫ్ తర్వాత వెళ్ళాల్సిన ప్రచురించిన దారి, ఎఫ్ఎంసీ అంటే విమానాన్ని ఆ దారిలో నడిపే కంప్యూటర్, దాని లెగ్స్ పేజీలో దారి ముక్కముక్కలుగా కనిపిస్తుంది, కోర్సు అంటే ఒక్కో ముక్క దిక్కు. సియాటిల్‌లో సిడ్ చార్ట్ మీద రాసిన కోర్సుకీ ఎఫ్ఎంసీ లెగ్స్ పేజీలో కనిపించే కోర్సుకీ రెండు డిగ్రీలు తేడా. హీత్రూలో చార్ట్ మీద ఉమ్లాట్ 1ఎఫ్ అని ఉంటే, ఎఫ్ఎంసీ జాబితాలో చివరి 'టీ' అక్షరం మాయం. చార్ట్‌లో వెతికినా దొరకని పాయింట్లు కొన్ని ఎఫ్ఎంసీలో ఉంటున్నాయి, బ్రాకెట్లలో అంకెలు, 'డీ'తో మొదలయ్యే వింత పేర్లు. ఇంకో చోట చార్ట్‌లో గీసిన మలుపు కంటే చాలా ముందే విమానం తిరిగిపోయింది.

డబ్బు పెట్టి కొన్న విమానం, డబ్బు కట్టి తెచ్చుకునే డేటా. తప్పు డేటాదా, చార్ట్‌దా, నాదా?

గోదారిగట్టు (గురువారం, ఉదయం 6:20)

తమ్ముడూ, కంగారుపడకు. నువ్వు చెప్పినవాటిలో సగం తప్పులే కావు. నేను 737 మీద ఫస్ట్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. లైన్ మీదకొచ్చిన కొత్తలో నాకూ ఇవే అనుమానాలు.

పేరు సంగతి తేలిక. ఎఫ్ఎంసీ డేటాబేస్‌లు రాసే పద్ధతికి ఆరింక్ 424 అని పేరు. 1975 నుంచి ఉంది. అందులో సిడ్ పేరుకి ఆరు గళ్ళే. ఐదక్షరాల పాయింట్ పేరు, ఒక అంకె, ఒక అక్షరం కలిపితే ఏడవుతాయి. అందుకని పాయింట్ పేరులో చివరి అక్షరం తీసేస్తారు. అమెరికా సిడ్‌లకు చివర అంకె ఒక్కటే, అక్షరం ఉండదు కాబట్టి అవి ఆరు గళ్ళలో సరిపోతాయి. అందుకే సియాటిల్‌లో నీకు ఆ తేడా కనపడలేదు.

'డీ' పేర్లు చూడటానికి భయంగా ఉంటాయి కానీ చదవడం వస్తే సరదా. మొదటి అక్షరం డీ, తర్వాత మూడంకెలు వీఓఆర్ రేడియల్ (నేల మీది రేడియో స్టేషన్ నుంచి ఏ దిక్కులో అన్నది), చివరి అక్షరం దూరం. ఏ అంటే 1 మైలు, బీ అంటే 2, అలా జడ్ అంటే 26. డీ234టీ అని ఉంటే 234 రేడియల్ మీద 20 నాటికల్ మైళ్ళన్నమాట. చార్ట్‌లో ఆ చోటుకి పేరు ఉండదు, "ఫలానా వీఓఆర్ నుంచి 20 డీఎంఈ" (డీఎంఈ అంటే రేడియోతో కొలిచే దూరం) అని మాత్రమే ఉంటుంది. పేరులేని చోటికి కంప్యూటర్ వెళ్ళలేదు కదా, అందుకని డేటా రాసేవాళ్ళు ఒక పేరు తగిలిస్తారు.

మలుపు గురించి సాయంత్రం రాస్తా, డ్యూటీకి టైమైంది.

డాలస్ గాలిపటం (గురువారం, ఉదయం 8:05)

రెండు డిగ్రీల సంగతి నేను చెప్తాను.

నిజ ఉత్తరం వేరు, దిక్సూచి చూపే ఉత్తరం వేరు. ఈ రెంటి మధ్య తేడాని వేరియేషన్ అంటారు, అది హైదరాబాద్‌లో సుమారు ఒక డిగ్రీ. సియాటిల్‌లో దాదాపు 15 డిగ్రీలు తూర్పుకి. నమ్మకపోతే సియాటిల్ రన్‌వే చూడండి. పేరు 34, అంటే దిక్సూచి మీద 340 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. కానీ మ్యాప్ మీద స్కేలు పెట్టి చూస్తే అది దాదాపు నిటారుగా ఉత్తరానికే ఉంటుంది.

ఇప్పుడు గొడవ ఏంటంటే, ఈ వేరియేషన్ ఏళ్ళ తరబడి మారుతూ ఉంటుంది. చార్ట్ వేసేవాళ్ళు విమానాశ్రయానికి నమోదైన వేరియేషన్ వాడతారు. వీఓఆర్ రేడియల్ మీద వెళ్ళే దారైతే ఆ స్టేషన్‌ని ఏనాడో సర్దినప్పుడున్న వేరియేషన్ లెక్క. విమానంలోని కంప్యూటర్ తన సొంత పట్టిక చూస్తుంది, అది ఏ సంవత్సరపు పట్టికో దాని ఇష్టం. మూడు గడియారాలు మూడు టైములు చూపించినట్టే. నేల మీద గీత మాత్రం ఒక్కటే, దానికి రాసిన అంకె మారుతుంది.

అమెరికా ఎఫ్ఏఏ పైలట్ల మాన్యువల్ అయితే వేరియేషన్ లెక్క వల్ల వచ్చే 3 డిగ్రీల లోపు తేడాని ఆమోదించవచ్చని రాసేసింది. దాటితే మాత్రం ఆగి చూడాలి.

ఈ వేరియేషన్ వల్లే ఫ్లోరిడాలో టాంపా వాళ్ళు 2011లో 18ఆర్ రన్‌వేని 19ఆర్‌గా మళ్ళీ పెయింట్ వేయించుకున్నారు. రన్‌వే అంగుళం కదల్లేదు, పేరు కదిలింది.

పాతబేగంపేట (గురువారం, ఉదయం 10:31)

అందరూ "ఏం పర్వాలేదు, ఏం పర్వాలేదు" అంటున్నారు. పర్వా ఉన్న సందర్భాలు కూడా కుర్రాడికి చెప్పండి.

1995 డిసెంబర్ 20. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965, బోయింగ్ 757, కొలంబియాలోని కాలీకి దిగుతోంది. చార్ట్‌లో రోజో అనే రేడియో బీకన్‌కి గుర్తు 'ఆర్'. సిబ్బంది ఎఫ్ఎంసీలో 'ఆర్' కొట్టారు. డేటాబేస్‌లో 'ఆర్' అంటే పైన వచ్చింది రోజో కాదు, బొగోటా దగ్గరున్న రోమియో. రెండు బీకన్లకీ గుర్తు ఒకటే, ఫ్రీక్వెన్సీ కూడా ఒకటే. డేటాబేస్‌లో రోజో కావాలంటే నాలుగు అక్షరాలూ కొట్టాలి. ఆ సంగతి చార్ట్ చూస్తే తెలియదు. విమానం చీకట్లో ఎడమకి తిరిగి కొండల్లోకి పోయింది. 163 మందిలో బతికింది నలుగురు.

తర్వాత అమెరికాలో కోర్టు జ్యూరీ బాధ్యతను పంచినప్పుడు ఎయిర్‌లైన్‌కి 75 శాతం, డేటా ఇచ్చిన జెప్పెసన్‌కి 17, కంప్యూటర్ చేసిన హనీవెల్‌కి 8 వేసింది. అంటే పైలట్ల తప్పు ఉన్నా, చార్ట్‌కీ ఆ కంప్యూటర్ పెట్టెకీ మధ్య ఉన్న సందుకి కూడా లెక్క కట్టారు.

అది దిగేటప్పటి కథ, టేకాఫ్‌ది కాదు, ఒప్పుకుంటా. కానీ జబ్బు ఒకటే.

చార్టే వేదం (గురువారం, మధ్యాహ్నం 1:15)

ఇంత చర్చ అనవసరం. చార్టే ఒరిజినల్, ఎఫ్ఎంసీ దాని జిరాక్స్. జిరాక్స్ తేడాగా వస్తే ఒరిజినల్ చూసుకోవాలి. అంతే.

కోడు రాసినచెయ్యి (గురువారం, మధ్యాహ్నం 3:48)

పైనున్న మిత్రుడికి: క్షమించాలి, ఆ మాట పూర్తిగా నిజం కాదు. నేను కొన్నేళ్ళు ఇదే పని చేశాను, ప్రొసీజర్లని చదివి డేటాబేస్ కోడ్‌గా రాయడం. సంస్థ పేరు అడగొద్దు.

మేము చార్ట్ బొమ్మ చూసి కోడ్ రాయం. ఆ దేశం ప్రచురించే ఏఐపీ అనే అధికారిక విమాన సమాచార పుస్తకం ఉంటుంది, అందులోని మాటలు, పట్టికలు చూసి రాస్తాం. చార్ట్ గీసేవాళ్ళు కూడా అదే ఏఐపీ చూసి గీస్తారు. తల్లి ఏఐపీ, చార్టూ డేటాబేసూ అక్కచెల్లెళ్ళు. ఇద్దరికీ తల్లి పోలికలు ఉంటాయి, ఒకరు ఇంకొకరి జిరాక్స్ కారు. మన దేశపు ఏఐపీ అయితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ళ సైట్‌లో ఉచితంగానే చదవొచ్చు. అనుమానం వస్తే అక్కడికే వెళ్ళాలి.

అసలు చిక్కు ఎక్కడంటే, మనిషి రాసిన వాక్యాన్ని కోడ్‌లోకి మార్చడానికి ఆరింక్ 424లో ఉన్నవి 23 రకాల లెగ్‌లే. ఒక్కోదానికి రెండక్షరాలు. మొదటి అక్షరం ఎలా వెళ్ళాలో, రెండోది ఎక్కడ ఆపాలో చెప్తుంది. టీఎఫ్ అంటే ఒక పాయింట్ నుంచి ఇంకో పాయింట్‌కి నేరుగా గీత. వీఏ అంటే ఈ హెడింగ్ (విమానం ముక్కు ఉన్న దిక్కు) మీద ఈ ఎత్తు వచ్చేదాకా. వీఎమ్ అంటే ఈ హెడింగ్ మీద వెళ్తూ ఉండు, ఏటీసీ (నేల మీది కంట్రోలర్) చెప్పేదాకా. ఆర్ఎఫ్ అంటే ఖచ్చితమైన వంపు.

ఇప్పుడు ఏఐపీలో ఇలాంటి వాక్యం వస్తుంది: "నేరుగా ఎక్కి, 2 డీఎంఈ గానీ 600 అడుగులు గానీ, ఏది ఆలస్యమైతే అక్కడ కుడికి తిరగండి." చదివేవాడికి అర్థమయ్యే మాటే. కానీ "ఏది ఆలస్యమైతే అది" అనడానికి ఆ 23లో లెగ్ లేదు. ఎత్తు దగ్గర ఆపే లెగ్ ఉంది, డీఎంఈ దగ్గర ఆపే లెగ్ ఉంది, రెండూ కలిపి తూచే లెగ్ లేదు. మేం ఒకటి ఎంచుకోవాలి. మీరు ఇంకో కంపెనీ డేటా తెచ్చుకుంటే వాళ్ళు రెండోది ఎంచుకుని ఉండొచ్చు. అందుకే ఒకే సిడ్ రెండు డేటాబేస్‌లలో రెండు రకాలుగా కనిపిస్తుంది, రెండూ తప్పని చెప్పలేం.

మా గదిలో ఒక వాక్యం మీద మూడు గంటలు వాదించుకున్న రోజులున్నాయి. టీ చల్లారిపోయేది, వాక్యం మాత్రం చల్లారేది కాదు.

గోదారిగట్టు (గురువారం, రాత్రి 9:10)

వచ్చేశా. పైన ఆయన వీఏ గురించి చెప్పారు కాబట్టి మలుపు రహస్యం తేలికైపోయింది.

బ్రాకెట్లలో అంకె చూశావు కదా, ఉదాహరణకి 1500 అని. అది పాయింట్ కాదు, ఎత్తు. 1500 అడుగులు రాగానే తర్వాతి లెగ్ మొదలవుతుంది. అది ఏ చోట వస్తుందో ముందే ఎవరికీ తెలియదు. ఎదురుగాలి బలంగా ఉండి విమానం తేలికగా ఉంటే రన్‌వే చివర దాటకముందే రావచ్చు. మే నెల మధ్యాహ్నం నిండా జనంతో ఎగిరితే ఎక్కడో దూరాన వస్తుంది. చార్ట్‌లో మాత్రం ఎక్కడో ఒకచోట గీత వంచాలి కదా, అందుకని అందంగా ఒక వంపు గీస్తారు.

తమ్ముడూ, నిజం చెప్పు. ఎంత ఇంధనంతో, ఎంతమంది ప్రయాణికులతో ఎగిరావు?

ఇంకోటి. ఫ్లై-బై, ఫ్లై-ఓవర్ గుర్తులు చూసుకో. చార్ట్‌లో పాయింట్ చుట్టూ సున్నా చుట్టి ఉంటే దాని మీదకి వెళ్ళాకే తిరగాలి. సున్నా లేకపోతే ముందే తిరగడం మొదలుపెట్టి మూల కోసేస్తుంది. దూరాల్లో అరమైలు అటూఇటూ వచ్చేది దానివల్లే.

వేగం పరిమితి కూడా ఒకసారి నన్ను బోల్తా కొట్టించింది. సిడ్‌లో ఒక పాయింట్ దగ్గర 210 నాట్లు అని కోడ్ చేస్తే, ఆ పరిమితి వెనక్కి వర్తిస్తుంది. అంటే టేకాఫ్ నుంచి ఆ పాయింట్ దాకా 210 మించకూడదు. నేనేమో ఆ పాయింట్‌కి చేరేసరికి తగ్గిస్తే చాలనుకున్నా. కెప్టెన్ గారు ఏమీ అనలేదు, నా వైపు ఒక చూపు చూశారు, అంతే.

డిస్పాచ్ బల్ల (శుక్రవారం, ఉదయం 7:02)

అన్నయ్యలందరూ కోడింగ్ లోతుల్లోకి వెళ్ళిపోయారు. నా అనుభవంలో తేడాలకి పెద్ద కారణం చాలా చిన్నది: తారీఖు.

ప్రపంచమంతా విమాన సమాచారం 28 రోజులకోసారి మారుతుంది. దానికే ఎయిరాక్ సైకిల్ అంటారు. మారే రోజు ఎప్పుడూ గురువారమే. 2501 అంటే 2025లో మొదటి సైకిల్, జనవరి 23న మొదలైంది. సాధారణంగా ఏడాదికి 13 వస్తాయి. మారే టైము యూటీసీ సున్నా గంటలు, మనకి తెల్లవారుజామున ఐదున్నర. అమెరికాలో మాత్రం 0901 యూటీసీ అని పెట్టుకున్నారు.

విమానంలో ఎఫ్ఎంసీ రెండు సైకిళ్ళని పెట్టుకుంటుంది, నడుస్తున్నదీ పక్కదీ. ఐడెంట్ పేజీలో పైలట్ చేత్తో మార్చాలి. నేను పనిచేసిన ఒక చోట, అలాంటి గురువారం పొద్దున ఆరు దాటాక వెళ్ళాల్సిన విమానం. ఏటీసీ ఇచ్చిన సిడ్ పేరు ఎఫ్ఎంసీలో దొరకదు. సిబ్బంది నాకు ఫోన్. నేను డేటా వాళ్ళకి ఫోన్. వాళ్ళు ఇంకెవరికో ఫోన్. ఇరవై నిమిషాలు అందరికీ టెన్షన్. చివరికి చూస్తే సైకిల్ మార్చలేదు. పక్కనే కొత్తది సిద్ధంగా కూర్చుని ఉంది. ఒక బటన్ పని.

అందుకే నేను మొదట చూసేది సిడ్ పేరులోని అంకెనే. దారిలో మార్పు వచ్చినప్పుడల్లా ఆ అంకె ఒకటి పెరుగుతుంది, 9 తర్వాత మళ్ళీ 1. చార్ట్‌లో 2ఏ, ఎఫ్ఎంసీలో 1ఏ ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు, రెండింట్లో ఒకటి పాతది.

నోటామ్‌లు (మధ్యలో వచ్చే అత్యవసర ప్రకటనలు) సరేసరి. సైకిల్ మధ్యలో సిడ్ రద్దు చేశారనుకోండి, పెట్టెకి ఆ సంగతి తెలియదు, శుభ్రంగా చూపిస్తుంది. పాత 737లలో మెమరీ చాలక కొన్ని విమానాశ్రయాల ప్రొసీజర్లు అసలు ఎక్కించరు. అది ఇంకో రకం తేడా, చార్ట్ ఉంటుంది, డేటాబేస్‌లో ఖాళీ.

చార్టే వేదం (శుక్రవారం, ఉదయం 9:40)

సరే, అక్కచెల్లెళ్ళ మాట ఒప్పుకుంటాను. కానీ కాక్‌పిట్‌లో ఐదు నిమిషాల్లో బయల్దేరాలి. ఏఐపీ తెరిచి కూర్చుంటారా? అక్కడ దేన్ని నమ్మాలో చెప్పండి.

గోదారిగట్టు (శుక్రవారం, ఉదయం 11:25)

ఆ మాట అడిగారు, బాగుంది. అక్కడ మీరే గెలిచారు. ప్రచురించిన ప్రొసీజర్, దాని మీద ఉన్న నోటామ్, ఆ తర్వాత ఏటీసీ క్లియరెన్స్. డేటాబేస్‌ని వాటితో సరిచూడాలి, వాటిని డేటాబేస్‌తో కాదు. ఒకరు చార్ట్ పట్టుకుని పాయింట్ పేరు, కోర్సు, దూరం, ఎత్తు, వేగం చదువుతారు, ఇంకొకరు లెగ్స్ పేజీలో చూస్తారు. వేరియేషన్ వల్ల వచ్చే డిగ్రీ రెండు డిగ్రీలు వదిలేస్తాం. పాయింట్ల వరస తప్పినా, ఎత్తు పరిమితి లేకపోయినా ఆ సిడ్ తీసుకోం. ఏటీసీని వేరే సిడ్ గానీ రాడార్ హెడింగ్ గానీ అడుగుతాం.

సిమ్మర్లు చాలామంది చేసే పని ఒకటి మాకు నిషేధం. ఆర్‌నావ్ సిడ్‌లో (కంప్యూటర్ పాయింట్ల మీదుగా నడిచే దారి) పాయింట్ లేదని అక్షాంశ రేఖాంశాలు చేత్తో కొట్టి అతికించడం. ఫ్లై-బైని ఫ్లై-ఓవర్‌గా మార్చడం కూడా కుదరదు. సిడ్ పేరుతోనే మొత్తం డేటాబేస్ నుంచి రావాలి. ఏటీసీ "ఫలానా పాయింట్‌కి నేరుగా వెళ్ళు" అంటే అది వేరే సంగతి.

డాలస్ గాలిపటం (శుక్రవారం, రాత్రి 8:33)

దీనికి మా ఊళ్ళో చక్కటి అలవాటు ఉంది. డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో టేకాఫ్‌కి అనుమతిచ్చేటప్పుడు కంట్రోలర్ "ఆర్‌నావ్ టు" అని మొదటి పాయింట్ పేరు చెప్పి మరీ క్లియరెన్స్ ఇస్తారు. అట్లాంటాలోనూ అంతే. ఆఖరి నిమిషంలో రన్‌వే మారి, పెట్టెలో పాత రన్‌వే సిడ్ ఉండిపోతే మొదటి పాయింటే వేరుగా వస్తుంది. కంట్రోలర్ నోట ఒక పేరు, తెర మీద ఇంకో పేరు ఉంటే చక్రాలు కదలకముందే దొరికిపోతుంది.

పాతబేగంపేట (శుక్రవారం, రాత్రి 10:17)

సరిచూడటం మంచిదే. కానీ సరిచూసేది దేనితో అన్నది కూడా ముఖ్యం. ఎయిర్ న్యూజిలాండ్ 901 సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

1979 నవంబర్ 28, అంటార్కిటికా చూపించే విహారయాత్ర, డీసీ-10. సిబ్బందికి అంతకుముందు ఇచ్చిన బ్రీఫింగ్‌లో దారి మెక్‌ముర్డో సౌండ్ మీదుగా, సముద్రపు మంచు మీదుగా వెళ్తుంది. బయల్దేరే ముందు రాత్రి కంపెనీ కంప్యూటర్‌లో చివరి పాయింట్ రేఖాంశం సరిచేశారు. పాయింట్ దాదాపు 27 నాటికల్ మైళ్ళు తూర్పుకి జరిగింది, దారి ఎరెబస్ పర్వతం మీదకి వచ్చింది. సిబ్బందికి చెప్పలేదు. వాళ్ళు ఆ ఉదయం ఇచ్చిన అంకెల్ని పొల్లుపోకుండా కంప్యూటర్‌లో ఎక్కించారు. 257 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అంకెలకి అంకెలు సరిపోయాయి. సరిపోనిది వాళ్ళ మనసులో ఉన్న మ్యాప్‌తో.

కోడు రాసినచెయ్యి (శనివారం, ఉదయం 8:50)

పైన చెప్పిన కథ మాకు శిక్షణ మొదటి వారంలోనే చెప్పారు. "తప్పు సరిచేశాం" అనేది పని పూర్తయినట్టు కాదు, ఎవరెవరికి చెప్పామన్నది మిగతా సగం అని. ఎయిరాక్‌లో ముఖ్యమైన మార్పుల్ని అమలు తేదీకి 42 రోజుల ముందే పంపాలనడం, కనీసం 28 రోజుల ముందు అందరి చేతిలో ఉండాలనడం ఇందుకే.

సిమ్ వాళ్ళకి చిన్న మాట. మైక్రోసాఫ్ట్ 2020 సిమ్యులేటర్‌తో పాటు మొదట్లో వచ్చిన డేటా నావ్‌బ్లూ అనే కంపెనీది. నావిగ్రాఫ్‌లో కొనేది జెప్పెసన్‌ది. విమానానికి ఒకటి, చార్ట్‌కి ఇంకొకటి వాడుతూ తేడా వచ్చిందంటే నేను నిద్రలో కూడా ఆశ్చర్యపోను.

నిద్రలేని సిమ్మర్ (ఆదివారం, తెల్లవారుజామున 2:14)

అన్నలూ, రెండు రాత్రులు కూర్చుని అన్నీ పరీక్షించాను.

మొదటిది, సిగ్గుపడాల్సిన సంగతి. నా దగ్గరున్న చార్ట్‌ల ఫోల్డర్ ఎవరో పంచిన పాత పీడీఎఫ్‌లు. డిస్పాచ్ అన్న చెప్పినట్టు సిడ్ పేరులో అంకెలు చూస్తే ఐదింట్లో ఎఫ్ఎంసీతో కలవలేదు. డేటాకి నెలనెలా డబ్బు కడుతున్నా, చార్ట్ మాత్రం ఫ్రీగా వచ్చిందని రెండేళ్ళుగా దాచుకున్నా.

రెండోది, మలుపు. గోదారిగట్టు అన్న అడిగిన ప్రశ్నకి జవాబు: ప్రయాణికులు సున్నా, ఇంధనం 5 టన్నులు. ఖాళీ 737ని రాకెట్‌లా లేపి, "ఇంత ముందే తిరిగిందేంటి" అని మీ అందరినీ అడిగాను. అదే సిడ్ నిండు బరువుతో, గాలి లేకుండా మళ్ళీ ఎగిరాను. ఈసారి చార్ట్‌లో గీసిన వంపు కూడా దాటి మైలున్నర ముందుకెళ్ళి తిరిగింది.

సియాటిల్ రెండు డిగ్రీలు అలాగే ఉన్నాయి. వాటితో సర్దుకుపోయాను. ఒక్క అనుమానం మిగిలింది. ఎఫ్ఎంసీలో ఒక చోట వెక్టర్స్ అని వచ్చి, తర్వాత గళ్ళన్నీ ఖాళీగా, కింద గీత తెగిపోయి ఉంది. నేను ఇన్నాళ్ళూ దాన్ని చెరిపేసి పాయింట్లు కలిపేస్తున్నా. అది కూడా చేయకూడదా?

గోదారిగట్టు (ఆదివారం, ఉదయం 6:05)

అమ్మో, చెరపకు! అదే వీఎమ్ లెగ్. ఏటీసీ హెడింగ్ ఇచ్చేదాకా అలాగే వెళ్ళమని. నువ్వు కలిపేస్తే విమానం కంట్రోలర్ని అడగకుండా సొంతంగా తిరిగిపోతుంది. ఆ తెగిన గీత తెగే ఉండాలి. హెడింగ్ సెలెక్ట్‌లో వెళ్తూ ఉండు. ఏటీసీ తర్వాతి పాయింట్‌కి పంపినప్పుడు దాన్ని పైకి తెచ్చి డైరెక్ట్ కొట్టు.

ముందు పడుకో నాయనా.